వేడినీటి సత్రమూ, మన మడీ

జపాను వెళ్ళివచ్చిన తెలుగువాడు రెండు మాటలు తప్పక అంటాడు. మొదటిది: "అబ్బ, ఏం శుభ్రమండీ!" రెండవది: "అది వాళ్ళ రక్తంలోనే ఉంది. మనవాళ్ళకి ఏడేడు జన్మలెత్తినా రాదు." మొదటి మాటతో నాకు పేచీ లేదు. రెండవ మాట అబద్ధం. కేవలం అబద్ధమే అయితే పోనిమ్మనేవాణ్ణి. అది మనకు మిక్కిలి అనుకూలమైన అబద్ధం. రక్తంలో లేనిదానికి ఎవరం మాత్రం ఏం చెయ్యగలం? ఒక నిట్టూర్పు విడిచి, కాఫీ తాగి, ఎప్పటిలాగే బతకవచ్చు. ఆ నిట్టూర్పు మీదనే ఈ టపా.

మా సికిందరాబాదు కాలనీలో ఉదయపు నడక మిత్రులు ఈ రెండవ మాటను పదేపదే అంటూంటే నాలుగు నెలలపాటు తల ఊపాను. ఆ అపరాధానికి ప్రాయశ్చిత్తంగా కూడా ఇది వ్రాస్తున్నాననుకోండి.

మా అబ్బాయి ఉద్యోగరీత్యా టోక్యోలో ఉంటున్నాడు. 2024 ఫిబ్రవరిలో, మంచు మీద జారే ఆటల కాలం ముమ్మరంగా సాగుతూండగా, నన్ను నాగనో రాష్ట్రంలోని నొజావా ఒన్‌సెన్ అనే కొండపల్లెకు తీసుకువెళ్ళాడు. టోక్యో నుంచి ఇయామా దాకా షింకన్‌సెన్ రైలు, అక్కడినుంచి అరగంట లోపు బస్సు ప్రయాణం. స్కీయింగు వాడికోసం, వేడినీళ్ళు నా మోకాళ్ళకోసం. 'ఒన్‌సెన్' అంటేనే వేడినీటి ఊట. ఊరి పేరులోనే ఊట ఉంది. ఊటలు శతాబ్దాల నాటివి; స్కీయింగు నిన్న మొన్నటిది. అక్కడి స్కీ క్లబ్బు 1923లో పుట్టింది. 1930లో ఆస్ట్రియా దేశపు స్కీ గురువు హానెస్ ష్నైడర్ వచ్చి ఆ వాలుల మీద విద్య చూపించి వెళ్ళాడు. 1998 నాగనో ఒలింపిక్సులో స్కీలమీద సాగుతూ తుపాకి పేల్చే బయాథ్లాన్ పోటీలు అక్కడే జరిగాయి. ఇవాళ ఆ ఇరుకు సందుల్లో ఆస్ట్రేలియా యువకులు భుజాన పలకలు మోసుకుంటూ, బూట్లు టకటకలాడిస్తూ తిరుగుతుంటారు.

మేము దిగినది 'రియోకాన్', అనగా వారి సంప్రదాయపు సత్రం. గుమ్మంలోనే చెప్పులు విడవాలి. ఇది మనకు కొత్త కాదు. లోపల తతామి చాపలు పరచిన గది, మంచం లేదు, కుర్చీలకు కాళ్ళు లేవు. ఇదీ కొత్త కాదు. మా అమ్మమ్మగారి ఊళ్ళో వేసవి సెలవుల్లో అందరం చాపల మీదే పడుకునేవాళ్ళం. అద్దె గదికి కాదు, మనిషికి. రెండు పూటల భోజనమూ అందులోనే. సాయంత్రం ఆరింటికి భోజనానికి వెళ్ళివచ్చేసరికి ఎవరో వచ్చి పరుపులు పరచి వెళ్ళారు. యుకతా అనే నూలు అంగీ ఇచ్చి, ఎడమ అంచు కుడి అంచు మీదికి రావాలని సత్రం యజమానురాలు చేత్తో చూపించింది. తిరగవేస్తే అది శవానికి తొడిగే పద్ధతిట! ఈ యజమానురాలిని 'ఒకామి' అంటారు. ఆమె లేచి వెళ్ళిన తీరు చూస్తే నాకు గోదావరి జిల్లాల పాత ఇల్లాళ్ళు గుర్తుకువచ్చారు. ఇంతవరకూ ఇదంతా యాత్రావర్ణన. అసలు విషయం స్నానాల గది దగ్గర మొదలవుతుంది.

ఆడవారికీ మగవారికీ వేరువేరు గదులు. బట్టలన్నీ విప్పి, బుట్టలో పెట్టి, చేతిలో చిన్న తుండుగుడ్డతో లోపలికి వెళ్ళాలి. గోడవారగా చిన్న చిన్న పీటలు, ఎదురుగా కుళాయిలు. పీట మీద కూర్చుని ఒళ్ళంతా సబ్బుతో రుద్దుకుని, సబ్బు నురగ పిసరంత మిగలకుండా కడుక్కుని, అప్పుడు, అప్పుడు మాత్రమే, అందరితో కలిసి ఆ వేడినీటి తొట్టిలో దిగాలి. తుండుగుడ్డ నీళ్ళకు తగలకూడదు. మడిచి నెత్తిన పెట్టుకుంటారు. దిగేముందు తొట్టిలోని నీళ్ళే ముంత(తో) ఒంటిమీద పోసుకోవడాన్ని 'కకేయు' అంటారు.

నా పక్క పీట మీద ఒక తాత అయిదారేళ్ళ మనవడికి ఈ తంతు నేర్పుతున్నాడు. కుర్రవాడు రెండుసార్లు తప్పించుకుని తొట్టివైపు పరుగెత్తబోయాడు. రెండుసార్లూ తాత చెయ్యిపట్టి వెనక్కి లాక్కువచ్చి, చెవుల వెనక రుద్దాడు. నాకు నవ్వొచ్చింది. రక్తంలోనే ఉంటే ఆ పసివాడికి ఇంత రుద్దుడెందుకు?

మర్నాడు ఊరి స్నానశాలలకు వెళ్ళాము. నొజావాలో 'సొతోయు' అనే ఉమ్మడి స్నానశాలలు పదమూడున్నాయి. రుసుము లేదు. గుమ్మం దగ్గర ఒక పెట్టె ఉంటుంది, తోచినది వేయవచ్చు. ప్రభుత్వం నడపదు, కంపెనీ నడపదు. ఒక్కొక్క స్నానశాల చుట్టుపక్కలనున్న ఇళ్ళవాళ్ళు 'యునకామా' అనే పొత్తుగా ఏర్పడి, వంతులవారీగా కడిగి, కరెంటు ఖర్చులు పంచుకుని నడుపుకుంటారు. ఇది శతాబ్దాలుగా సాగుతున్న ఏర్పాటు. దారిన పోయే నాబోటి పరాయివాడు కూడా వారు కడిగిన తొట్టిలో ఉచితంగా దిగవచ్చు.

దిగాను. దిగినంత వేగంగానే పైకి వచ్చాను. ఒళ్ళు కాలిపోయింది! తొట్టిలో కంఠం దాకా మునిగివున్న ఒక ముసలాయన నావైపు చూసి, చన్నీళ్ళ కుళాయి వైపు వేలు చూపించి, మిగతా ఇద్దరినీ ఏదో అడిగాడు. వాళ్ళు తలలూపాక గాని కుళాయి తిప్పలేదు. నీళ్ళు అందరివీ కదా, చల్లార్చాలంటే అందరి అనుమతీ కావాలి. నేను మళ్ళీ దిగాను. ఆయన తొడ నా తొడకు తగులుతోంది. ఆయన ఎవరో, ఏం పని చేస్తాడో, ఏ ఇంటివాడో నాకు తెలియదు. నేనెవరో ఆయనకు తెలియదు. బట్టలు లేవు గనక తెలుసుకొనే వీలూ లేదు.

ఆ నీళ్ళల్లో కూర్చుని ఒక సంగతి ఆలోచించాను. తక్కినదంతా మరిచిపోయినా ఆ ఒక్కటి మాత్రం మీరు గుర్తుంచుకోవాలని నా కోరిక.

శుభ్రతకు ఒక దిక్కు ఉంటుంది. నొజావాలో మనిషి తొట్టిలో దిగేముందు ఎందుకు కడుక్కుంటాడు? తన మురికి ఉమ్మడి నీళ్ళకు అంటకూడదని. మా ఇంట్లో మా నాయనమ్మ మడికట్టుకునేది ఎందుకు? ఇతరుల మైల తనకు అంటకూడదని. రెండూ స్నానాలే. రెండింటిలోనూ నీళ్ళున్నాయి, నియమముంది, తప్పితే కోపముంది. కాని ఒకదానిలో మురికి నాలో ఉందన్న ఒప్పుకోలు ఉంది. రెండవదానిలో మురికి ఎప్పుడూ ఎదుటివాడిదే. మొదటి నియమం స్నానం ముగిసేసరికి పదిమందిని ఒకే తొట్టిలో కూర్చోబెడుతుంది. రెండవ నియమం స్నానం ముగిసేసరికి ఒక్కణ్ణి ఒంటరిగా, ఎవరూ ముట్టుకోరాని చోట నిలబెడుతుంది.

మనకు శుభ్రత తెలియదనడం శుద్ధ అబద్ధం. ప్రపంచంలో మనంత స్నానపిచ్చి ఉన్న జాతి మరొకటి ఉందో లేదో! మనకు తెలియనిది ఉమ్మడి నీరు. అందుచేతనే మన ఇంట్లో పళ్ళెం మెరుస్తుంది, గేటు అవతల చెత్త కుప్పగా పెరుగుతుంది. గేటు అవతలిది ఉమ్మడిది. ఉమ్మడిది అంటే ఎవరిదీ కానిది.

ఇక 'రక్తం' సంగతి. ఒన్‌సెన్‌ల శుభ్రత వెనక 1948 నాటి ఒన్‌సెన్ చట్టం ఉంది. ఊట దగ్గర నీటి వేడి కనీసం 25 డిగ్రీలుండాలి, లేదా చట్టం పేర్కొన్న 19 పదార్థాలలో ఏదో ఒకటి తగుపాళ్ళలో ఉండాలి. లేకుంటే దాన్ని ఒన్‌సెన్ అనరాదు. నీటి పరీక్ష ఫలితాన్ని అందరికీ కనిపించేలా తగిలించాలి. సత్రంలో బట్టలు మార్చుకునే గది గోడమీద అటువంటి పత్రాన్ని నేను చూశాను. మా బిల్లులో మనిషికి 150 యెన్ల స్నానపు పన్ను వేరుగా వేశారు. ఇవన్నీ ఎందుకు? రక్తాన్ని నమ్ముకోలేదు గనక. నమ్ముకోకపోవడమే మంచిదైంది కూడా. 2004లో అదే నాగనో రాష్ట్రంలో, పాలవంటి తెల్లని నీళ్ళకు పేరుపొందిన షిరహొనె ఒన్‌సెన్‌లో, నీటి తెలుపు తగ్గిందని కొందరు గుట్టుగా స్నానపు పొడి కలుపుతున్నట్టు బయటపడింది. దేశమంతా గగ్గోలైంది. ఆ మరుసటి సంవత్సరం నుంచి నీళ్ళు కలుపుతున్నారా, కాస్తున్నారా, వాడినవే తిప్పి వదులుతున్నారా అన్నది కూడా వ్రాసి తగిలించాలని నిబంధన తెచ్చారు. మనుషులు అక్కడా మనుషులే. తేడా అల్లా, దొరికిపోయిన తరవాత ఏం చేశారన్నదే.

అక్కడ వెలి లేదా? ఉంది. దాచిపెడితే నా వాదం ఆ తెల్లపొడి కలిపిన నీళ్ళవంటిదే అవుతుంది. హొక్కయిడో దీవిలోని ఒటారు పట్టణంలో ఒక స్నానశాల 'జపానీయులకు మాత్రమే' అని బోర్డు పెట్టింది. జపాను పౌరసత్వం తీసుకున్న తరవాత కూడా, ముఖం చూసి, ఒక అమెరికన్ సంతతివాణ్ణి లోపలికి రానివ్వలేదు. ముగ్గురు కలిసి దావా వేశారు. 2002 నవంబరులో సప్పొరో న్యాయస్థానం అది జాతివివక్ష అని తేల్చి, ఒక్కొక్కరికి పది లక్షల యెన్ల పరిహారం ఇమ్మంది. 2003 నవంబరులో కుమమొతో రాష్ట్రంలోని కురొకావా ఒన్‌సెన్ దగ్గర ఒక హోటలు, కుష్ఠువ్యాధి ఎప్పుడో నయమైపోయిన వృద్ధులకు బస నిరాకరించింది. తక్కిన అతిథులు ఇబ్బంది పడతారట! ఎదురుతిరిగిన ఆ వృద్ధులకు దేశం నలుమూలల నుంచి తిట్ల ఉత్తరాలు వచ్చాయి. అయితే జపానులో 1948 నుంచే రియోకాన్ చట్టమని ఒకటుంది. అందులో చెప్పిన కారణాలు తప్ప సత్రంవాడు అతిథిని కాదనకూడదు. ప్రభుత్వం ఆ చట్టం కిందే ఆ హోటలు మీద చర్య తీసుకుంది. మరుసటి సంవత్సరం ఆ హోటలు మూతపడింది.

కనక నేను చెప్పేది జపాను స్వర్గమని కాదు. సత్రం తలుపు ఎవరికి తెరవాలి, తొట్టిలో ఎవరు దిగవచ్చు అన్న ప్రశ్నను వాళ్ళు బహిరంగంగా పోట్లాడుకుని, చట్టంతో, కోర్టుతో, సిగ్గుతో సర్దుకున్నారు, ఇంకా సర్దుకుంటున్నారు. మనం?

ఇక్కడ నా స్వంత కథ ఒకటి చెప్పక తప్పదు. చెప్పడానికి మనసొప్పడం లేదు.

2016 కార్తీకమాసంలో మా అమ్మను తీసుకుని సికిందరాబాదు నుంచి కారులో ఒక పుణ్యక్షేత్రానికి వెళ్ళాను. క్షేత్రం పేరూ, సత్రం పేరూ చెప్పను. అటువంటివి మన రెండు రాష్ట్రాలలోనూ ఏ పుణ్యక్షేత్రంలో చూసినా కులానికొకటి చొప్పున ఉన్నాయి, బోర్డుల మీదే కులం పేర్లు వ్రాసివుంటాయి, కావాలంటే వెళ్ళి లెక్కపెట్టుకోండి. చేరేసరికి రాత్రి తొమ్మిదయింది, చలిగాలి వేస్తోంది. గుమాస్తాగారు పుస్తకం తెరిచారు.

"ఇంటిపేరండీ?"

చెప్పాను.

"గోత్రం?"

చెప్పాను.

"ఎంతమంది?"

"ముగ్గురం. నేను, మా అమ్మగారు, డ్రైవరు."

ఆయన కలం ఆగింది. "డ్రైవరు మనవాళ్ళేనాండీ?"

నేను మాట్లాడలేదు. ఆయనకు నా మౌనమే సమాధానమైంది. "ఏమనుకోకండి, ఇది మనవాళ్ళకోసం పెద్దలు కట్టించినది. అతన్ని కార్లో పడుకోమనండి. వెనకవైపు కుళాయి ఉంది." ఆయన గొంతులో దురుసుతనం లేదు. పైగా మా అమ్మను "అమ్మా, మెట్లు చూసుకోండి" అని చెయ్యిపట్టి నడిపించాడు.

తెల్లవారుజామున మాకు గీజరు నీళ్ళు దొరికాయి. మా అమ్మ తడిబట్టతో మడి కట్టుకుంది. నేను కిటికీలోంచి చూశాను. ఎనిమిది గంటలపాటు మా ప్రాణాలు చేతుల్లో పెట్టుకుని ఘాటు రోడ్డు మీద కారు నడిపిన మనిషి, వెనకవైపు కుళాయి కింద, చన్నీళ్ళతో, గజగజ వణుకుతూ స్నానం చేస్తున్నాడు. దర్శనానికి మాతో రావాలని. "పర్లేదు సార్, అలవాటే" అన్నాడు తరవాత. ఆ 'అలవాటే' అన్న మాట నొజావా తొట్టిలో కూర్చున్నప్పుడు నాకు మళ్ళీ వినిపించింది. ఎనిమిదేళ్ళ తరవాత, ఊరు కాని ఊళ్ళో, ఎవరో ముసలాయన నాకోసం అందరినీ అడిగి చన్నీళ్ళ కుళాయి తిప్పుతున్నప్పుడు.

గుమాస్తాను తిట్టడం సులువు. నేను ఆ పూట రెండు మాటలు అని వేరేచోటికి వెళ్ళివుండవచ్చు. వెళ్ళలేదు. అమ్మ అలసిపోయిందన్నది నేను నాకు చెప్పుకున్న సాకు. నిజమేమిటంటే ఆ పుస్తకంలో నా గోత్రం అంగీకరింపబడ్డప్పుడు నాకు లోపల ఎక్కడో హాయిగానే ఉండింది.

మన రాజ్యాంగం ఈ విషయంలో మౌనంగా లేదు సుమా. 15వ అధికరణం రెండవ భాగం తీసి చదవండి. దుకాణాలు, భోజనశాలలు, హోటళ్ళు అన్నాక, ప్రజల వాడకానికి ఉద్దేశించిన బావులు, చెరువులు, స్నానఘట్టాలు అని విడివిడిగా పేరుపెట్టి వ్రాశారు. స్నానఘట్టం! ఒక గణతంత్రం తన మూలశాసనంలో స్నానం చేసే రేవును పేర్కొనవలసివచ్చిందంటే, ఆ రేవు దగ్గర ఏం జరుగుతుండేదో ఊహించుకోవచ్చు. 1955లో వచ్చి, 1976లో పౌరహక్కుల పరిరక్షణ చట్టంగా పేరు మారిన శాసనంలో ధర్మశాల, సరాయి, ముసాఫిర్‌ఖానా అన్న మాటలే కనిపిస్తాయి. వీటన్నిటికీ కులసత్రం దగ్గర ఒకే జవాబు: "ఇది మావాళ్ళకోసం మా డబ్బుతో మేం కట్టుకున్నది."

నీటి దగ్గర మన చరిత్ర ఏమిటో ఇంకా చెప్పాలా? 1927 మార్చిలో మహాడ్‌లో అంబేద్కరు వేలమందితో కలిసి చవదార్ చెరువు నీళ్ళు తాగాడు. పశువులు తాగితే మైలపడని చెరువు మనుషులు తాగితే మైలపడిందట. కడవలకొద్దీ పంచగవ్యం పోసి శుద్ధి చేశారు. పేడ పోసి శుద్ధి! మనదాకా వస్తే, 1917లో బెజవాడలో మన హైదరాబాదు భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన సభ జరిగింది. ఆ సభ తనకు పెట్టిన 'పంచమ' అన్న పేరును తోసిపుచ్చి 'ఆది ఆంధ్ర' అని పేరు పెట్టుకుంది. ఆ మూడు రోజులూ, వీళ్ళెక్కడ లోపలికి వస్తారోనని, కనకదుర్గ గుడి తలుపులు మూసివేశారు.

పాత కథలంటారా? 1985 జూలై, ప్రకాశం జిల్లా కారంచేడు. మాదిగపల్లె వాళ్ళు తాగే మంచినీటి చెరువు దగ్గర ఊరి ఆసామి పిల్లలు గేదెలకు కుడితి పెట్టి, ఆ బకెట్లు ఆ నీళ్ళలోనే కడుగుతున్నారు. ఇవి మేము తాగే నీళ్ళని ఒక కుర్రవాడు అడ్డుచెప్పాడు. అతన్ని కొట్టబోతే, నీళ్ళకు వచ్చిన మున్నంగి సువార్త అడ్డుపడి బిందె ఎత్తింది. మర్నాడు, జూలై 17న, పల్లె మీద పడి ఆరుగురిని చంపారు. ఆడపిల్లలను చెరిచారు. కేసు తేలి, సుప్రీంకోర్టు ఒకరికి యావజ్జీవం, ఇరవై తొమ్మిదిమందికి మూడేళ్ళ శిక్ష వేసేసరికి 2008 డిసెంబరు వచ్చింది.

నేను మీ దృష్టికి తేదలచినది ఒక్కటే. ఆ రోజు కారంచేడులో ఒన్‌సెన్ నియమాన్ని చెప్పినది ఎవరు? ఉమ్మడి నీళ్ళలో మురికి కలపకండి అని అన్నది ఆ పల్లె కుర్రవాడు, సువార్త. మడి తెలిసిన పెద్దకులాల నాగరికతకు ఆ మాట తిరుగుబాటుగా వినిపించింది. ఇప్పుడు చెప్పండి, శుభ్రత ఎవరి రక్తంలో ఉంది? ఎవరి రక్తం చిందింది?

కొన్ని ఆక్షేపణలు రాగలవు. ముందుగానే జవాబు చెబుతాను.

ఒకటి: "కులసత్రాలు పేదలకు అన్నం పెడుతున్నాయి, వాటినెందుకు తిడతారు?" పెడుతున్నాయి. నేనూ తిన్నాను, పప్పు అద్భుతంగా ఉంటుంది. కాని పుణ్యం కోసం పెట్టే అన్నానికి గోత్రం అడగడమెందుకు? లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు (1841–1909) వచ్చినవాళ్ళకి వచ్చినట్టు, కులం చూడకుండా, వేళ చూడకుండా వండివడ్డించారు. ఆమె శ్రోత్రియ బ్రాహ్మణ గృహిణి. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి ఆమె పేరు పెట్టింది. మనకు ఒకామి లేదని ఎవరన్నారు? ఉన్న ఒకామిని ఫోటో కట్టి, దండ వేసి, ఆమె పద్ధతిని మాత్రం సత్రం గుమ్మం బయటే వదిలేశాం.

రెండు: "అందరి ముందూ బట్టలు విప్పడం మన సంస్కృతి కాదు." నేను విప్పమనలేదు. లుంగీ కట్టుకునే దిగండి. గోత్రం విప్పితే చాలు.

మూడు: "ఇవన్నీ పల్లెటూళ్ళ సంగతులు, నగరంలో కులమెక్కడిది?" ఈ మాట సికిందరాబాదు నుంచి వినడం మరీ విచిత్రం. బ్రిటిషు కాలపు రైల్వే స్టేషన్లలో 'హిందూ పానీ', 'ముసల్మాన్ పానీ' అని వేరువేరు కుండలుండేవి. 1874 నుంచి రైలు ఎరిగిన ఊరు మాది. అయినా రైలు, తనకు తెలియకుండానే, ఒక మంచిపని చేసింది. స్టేషను విశ్రాంతి గదికి టికెట్టు చూపితే చాలు, ఇంటిపేరు ఎవరూ అడగరు. ఇరానీ హోటల్లో ఎవరు తాగిన కప్పులో ఎవరు తాగుతున్నారో ఎవరికీ పట్టదు. తెలుగునాట పరాయివాడి పక్కన కూర్చోవడం మనకు నేర్పినవి మన పుణ్యక్షేత్రాల సత్రాలు కావు, ఈ రెండే. చేదుగా ఉందా? ఇరానీ చాయ్ తాగండి, తగ్గుతుంది.

ఇక ఇవాళ్టి నగరం. ఇంటింటికీ బోరు, ఇంటింటికీ గీజరు, ఇంటింటికీ నీటిశుద్ధి యంత్రం. నీటిలోని కులసమస్యను మనం పరిష్కరించలేదు, గొట్టాలు విడదీసుకున్నాం. అపార్ట్‌మెంటుల్లో పనివాళ్ళకు వేరే లిఫ్టు. ఇల్లంతా తుడిచే అమ్మాయికి వంటగటు మీద బోర్లించిన వేరే గ్లాసు. ఆమె ఆ ఇంటి స్నానాలగది రోజూ కడుగుతుంది, అందులో తాను స్నానం చెయ్యడం మాత్రం ఊహకు అందని విషయం. నొజావాలో స్నానశాల కడిగేవాళ్ళూ, అందులో స్నానం చేసేవాళ్ళూ ఒక్కరే. వంతు వచ్చిన ఇంటివాడు చీపురు పట్టుకుంటాడు. పోలిక ఇక్కడ చూడాలి, షింకన్‌సెన్ వేగంలో కాదు.

వేడినీటి ఊట మనకూ ఉంది. భద్రాచలం దగ్గర గుండాలలో, గోదావరి ఒడ్డు ఇసుక తవ్వితే వేడినీళ్ళు ఊరుతాయి. త్రిమూర్తులు వచ్చి స్నానం చేస్తారని భక్తుల నమ్మకం. ఆ జిల్లాలోనే మణుగూరు దగ్గర పగిడేరులో, బోరుబావిలోంచి ఎగదన్నే వేడినీటితో సింగరేణి సంస్థ 20 కిలోవాట్ల ప్రయోగాత్మక విద్యుత్ కేంద్రం పెట్టింది. భూమి మనకు వేడినీళ్ళివ్వడానికి ఎప్పుడూ కులం అడగలేదు.

కాబట్టి జపాను వెళ్ళివచ్చే మిత్రులకు నా మనవి. శుభ్రతను పొగడండి, కాని రక్తం దగ్గర ఆపకండి. ఆ తొట్టి అంచున కూర్చుని ఒక్క ప్రశ్న వేసుకోండి: మా ఊళ్ళో ఈ తొట్టి ఉంటే ఇందులో నా పక్కన ఎవరు దిగితే నేను లేచిపోతాను? సమాధానం దొరికితే, మన రోడ్లెందుకు మురికిగా ఉన్నాయో కూడా దొరుకుతుంది. ఎవరితో నీళ్ళు పంచుకోమో, వారితో వీధీ పంచుకోము.

మొన్న 2024 కార్తీకంలో అదే క్షేత్రానికి మళ్ళీ వెళ్ళాను. అదే డ్రైవరును అడిగి తీసుకువెళ్ళాను. ఇప్పుడతను స్వంత క్యాబు నడుపుతున్నాడు. అమ్మ లేదు. అదే సత్రంలో అదే పుస్తకం, గుమాస్తా మాత్రం వేరు. "ఇద్దరం. రెండు మంచాలు, ఒకే గది" అన్నాను. ఇంటిపేర్లు అడిగాడు. రెండూ చెప్పాను. రెండవది వ్రాయలేదు. నేను తొలి పేరు కూడా కొట్టివెయ్యమని, బయటికి వచ్చేశాను. వెనకనుంచి ఆయన "అయ్యో, మీరుండండి సార్, మీకేం" అంటూనే ఉన్నాడు.

దేవస్థానంవారి వసతిగృహంలో గది దొరికింది. గది మామూలుగా ఉంది, గోడకు పాన్ మరకలున్నాయి. గీజరు పనిచేస్తోంది. "నువ్వు ముందు చెయ్యి" అన్నాను. "లేదు సార్, మీరు ముందు" అన్నాడు. కాసేపు అలా వాదులాడుకున్నాక అతనే ముందు వెళ్ళాడు. నా వంతు వచ్చేసరికి నీళ్ళు కొంచెం చల్లారాయి.

ఫరవాలేదు.